‘ఇది కథ కాదు, సంఘటన’ అన్నారు. ఇప్పుడేం చేయాలి?

ఈసారి ఉత్తరం ఒక పాఠకురాలిది. పేరు రాయవద్దన్నారు. వయసు 47. నెలకోసారి కలుసుకుని, తాము రాసిన కథలు చదివి వినిపించుకునే ఒక చిన్న బృందంలో ఆమె సభ్యురాలు. చాలాకాలం వినడానికే వెళ్లారు. కొన్ని నెలల కిందట ధైర్యం చేసి తన మొదటి కథ చదివారు. తండ్రి చివరి రోజులు, ఆయన పోయాక అక్కతో తెగిపోయిన మాటలు, ఇదీ కథావస్తువు. పేర్లు మార్చారు గానీ మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశారు. తండ్రి మంచాన పడ్డ మూడేళ్లూ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలు. దూరంగా ఉన్న అక్క ఫోన్లో సలహాలు చెప్పడమే తప్ప వచ్చి ఉండలేదు. ఆయన పోయాక మాత్రం వచ్చి, ‘నాన్నని సరిగా చూసుకోలేదు’ అని నలుగురి ముందూ అనేసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కథ చదవడం అయ్యాక కాసేపు ఎవరూ నోరు విప్పలేదట. తర్వాత ఒకరిద్దరు ‘బాగుంది, గుండె బరువెక్కింది’ అన్నారు. బృందంలో ఒక పెద్దాయన ‘ఇది కథ కాదమ్మా, సంఘటన’ అన్నారు. ఒకరు ముగింపులో సందేశం ఉండాలన్నారు, మరొకరు కొసమెరుపు కావాలన్నారు. ఆ రోజు నుంచి ఆమె ఆ కథను తిరగరాస్తూనే ఉన్నారు. రాసేకొద్దీ అది పెరిగి 18 పేజీలైంది. గట్టిగా చదివితే 40 నిమిషాలు పడుతోంది. అక్కడ ఒక్కొక్కరికి ఇచ్చేది 15 నిమిషాలు. ఇది చాలదన్నట్టు, ఈ మధ్య బృందంలో కొత్తగా చేరినావిడ అక్కకు స్నేహితురాలని తెలిసింది. భర్తేమో ‘ఇంటి విషయాలు నలుగురిలో ఎందుకు’ అంటున్నారు. వచ్చే నెల మళ్లీ తన వంతు. ‘ఇదే కథ చదవనా, వేరేది రాసుకోనా? అసలు మంచి కథ అంటే ఏమిటి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాకు రాయడం వచ్చా, రాదా? అదైనా చెప్పండి’ అని అడిగారు. ఉత్తరంతో పాటు కథ కూడా పంపారు. ఆమె అనుమతితోనే ఇవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

సమాధానం

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అది మనసులో మెదులుతున్నంతసేపు మిగతాదేదీ చెవికెక్కదు. మీకు రాయడం వచ్చు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. మీ ఉత్తరంలో నాన్నగారి మాత్రల డబ్బా గురించి రాశారు చూడండి. వారానికి ఏడు గదులున్న డబ్బా. ఆదివారం గది మూత విరిగిపోయింది. అందుకని ఆదివారం మాత్రలు కూడా శనివారం గదిలోనే వేసి, ‘సగమే నాన్నా, సగం రేపటికి’ అని ప్రతి శనివారం చెప్పేదాన్నని రాశారు. ఇలాంటిది కుర్చీలో కూర్చుని ఊహిస్తే వచ్చేది కాదు, దగ్గరుండి చూసినవాళ్లకే దొరుకుతుంది. అది చదవగానే ఆ గది, ఆ ఇద్దరు మనుషులు, ఆ మూడేళ్లు నాకు కనిపించాయి.

మరి కథలో ఏం రాశారు? ‘కంటికి రెప్పలా చూసుకుంటూ వేళకు మందులిచ్చేది’ అన్నారు. అంతే. ఆ డబ్బా లేదు, విరిగిన మూత లేదు. ఉత్తరం రాస్తున్నప్పుడు మీరు నాతో మాట్లాడారు. కథ రాస్తున్నప్పుడు ‘కథ’ అనే ఒక పెద్ద విషయం ముందు నిలబడి, కథల్లో ఉండే మాటలు వెతుక్కున్నారు. కొత్తగా రాసేవాళ్లలో ఇది చాలామందికి జరుగుతుంది. తమ కళ్లతో చూసినదాన్ని చిన్నదనుకుని పక్కన పెట్టి, పదిమందీ వాడిన మాటలను గొప్పవనుకుని తెచ్చి పెడతారు.

1886లో రష్యన్ రచయిత చెహోవ్ తన అన్న అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరం ఒకటుంది. అందులో వెన్నెల రాత్రిని ఎలా చూపించాలో చెబుతాడు. నీటిమర ఆనకట్ట మీద పగిలిన సీసా ముక్క చుక్కలా మెరిసిందని రాస్తే చాలు, వెన్నెల వచ్చేస్తుందని అర్థం వచ్చేట్టు అంటాడు. మీ ఆదివారం గది మూత అలాంటి గాజు ముక్కే. ‘సేవ’, ‘త్యాగం’, ‘ఓర్పు’ అన్న మాటలు మీ కథలో చాలా చోట్ల కనిపించాయి. ఆ మూత ఒక్కటి ఉంటే వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

ఇక పెద్దాయన అన్న మాట. అది మిమ్మల్ని బాగా గాయపరిచిందని తెలుస్తోంది. ఆయన చెప్పిన తీరు నాకూ నచ్చలేదు. మొదటిసారి చదివిన మనిషితో ఆ ముక్క అని ఊరుకుంటే, విన్నవాళ్లకు తలుపు మూసినట్టే ఉంటుంది. కానీ ఆయన దేన్నో గమనించారు. దేన్ని గమనించారో విడమరిచి చెప్పలేదు.

జరిగినదాన్ని వరసగా చెబితే అది సంఘటన. తండ్రి జబ్బు పడ్డాడు, చెల్లెలు చూసుకుంది, అక్క రాలేదు, తండ్రి పోయాడు, అక్క నిందించింది, మాటలు ఆగిపోయాయి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బాధ కూడా నిజమే. కానీ మొదటి పేజీలో చెల్లెలు ఎలాంటి మనిషో, చివరి పేజీలోనూ అలాంటి మనిషే. మొదటి వాక్యంలో అక్కను ‘చిన్నప్పటి నుంచీ స్వార్థపరురాలు’ అన్నారు. చివరి వాక్యం దాకా ఆమె స్వార్థపరురాలే. వింటున్నవాళ్లకు రెండో నిమిషంలోనే తీర్పు తెలిసిపోయింది. మిగతా సమయమంతా వాళ్లు చేయగలిగింది ఒకటే, మీతో ఏకీభవించడం. ఆ గదిలో ఎవరూ మాట్లాడకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే. కథ బాగాలేదని కాదు. మీరు బాధపడుతున్నారని వాళ్లకు అర్థమైంది. బాధలో ఉన్న మనిషితో కథాశిల్పం గురించి ఏం మాట్లాడతారు? పరామర్శకు వచ్చినవాళ్లలా కూర్చున్నారు. ‘గుండె బరువెక్కింది’ అన్నది కూడా పరామర్శే.

కథలో ఒక మనిషి ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నదానికి మూల్యం చెల్లించాలి. లేదా తన గురించి తనకు తెలియనిది ఏదో తెలియాలి. పెద్ద పెద్ద మలుపులు అక్కర్లేదు. ఒక మాట అనబోయి ఆగిపోవడం కూడా మలుపే. మీ కథలో ఎంచుకునేవాళ్లు ఎవరూ లేరు. చెల్లెలు భరిస్తుంది, అక్క బాధపెడుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరం నాలుగో పేజీలో బ్రాకెట్లో రెండు మూడు వాక్యాలు రాశారు. నాన్నగారి ఆఖరి వారంలో అక్క ఫోన్ చేస్తే, ఆయన నిద్రపోతున్నారని చెప్పారు. ఆయన మెలకువగానే ఉన్నారు. ‘ఎందుకో ఇవ్వాలనిపించలేదు. దీనికీ కథకూ సంబంధం లేదులెండి’ అని బ్రాకెట్ మూసేశారు.

నేను అక్కడ ఆగిపోయాను. మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. నన్నడిగితే మీ కథ ఆ బ్రాకెట్లో ఉంది.

దయచేసి దీన్ని నిందగా తీసుకోకండి. మూడేళ్లు రాత్రిళ్లు నిద్ర లేని మనిషి, దూరం నుంచి వచ్చే గొంతుకు ఒక్కసారి ఫోన్ ఇవ్వకపోతే, అందులో నాకు నేరమేమీ కనిపించలేదు. ఆ రోజు మీరెంత అలసిపోయి ఉన్నారో నాకు అర్థమవుతోంది. నేను మాట్లాడుతున్నది కథ గురించి. ఆ ఫోన్ కథలోకి వస్తే ఏం జరుగుతుందో చూడండి. ‘నాన్నని సరిగా చూసుకోలేదు’ అని అక్క అన్నప్పుడు, అది పచ్చి అన్యాయమని వినేవాళ్లకు తెలుసు. అయినా చెల్లెలు గట్టిగా ఎదురు చెప్పలేకపోతోంది. అక్కకు తెలియని ఒక్క నిజం తన దగ్గర ఉంది. అంతవరకూ అక్క మీద కోపంగా వింటున్నవాళ్లు ఇప్పుడు ఎటూ తేల్చుకోలేక ఇబ్బంది పడతారు. చెల్లెలి మీద జాలి తగ్గదు, నిజానికి ఇంకా పెరుగుతుంది. కానీ అక్క కూడా మనిషై కూర్చుంటుంది. తండ్రితో చివరిసారి మాట్లాడే అవకాశం పోయిన కూతురు ఆమె. ఆ సంగతి ఆమెకే తెలియదు.

నా మాట ఊరికే గాల్లో ఉండకూడదని ఒక నమూనా రాశాను. ఇది మీరు వాడుకోవడానికి కాదు. మీరు రాస్తే ఇంతకంటే బాగుంటుంది, ఆ గది మీకు తెలుసు కాబట్టి.

*ఫోన్ మోగింది. అక్క పేరు. మంచం మీద నాన్న ఇటు తిరిగాడు.*

*“ఎవరూ?”*

*“ఏదో కంపెనీ ఫోన్ నాన్నా” అంటూ ఆమె వరండాలోకి నడిచింది. “పడుకున్నాడక్కా. లేచాక చేయిస్తాలే.”*

*తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా గుమ్మం వైపే చూస్తున్నాడు. ఆమె మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుంది. వేళ ఇంకా కాలేదు.*

ఇందులో అక్క స్వార్థపరురాలా కాదా అన్నది ఎక్కడా లేదు. చెల్లెలికి కోపమని గానీ, తప్పు చేశానన్న భావన కలిగిందని గానీ రాయలేదు. అయినా ఆ డబ్బా వేళ కాకుండానే చేతిలోకి ఎందుకు వచ్చిందో వినేవాళ్లు పట్టుకుంటారు. వాళ్లకు ఆ పని మిగల్చాలి. మీ 18 పేజీల్లో వాళ్లు చేయాల్సిన పని కూడా మీరే చేసేశారు.

పొడవు సంగతి. అది సగానికి పైగా తగ్గాలి. నిజానికి 40 నిమిషాల కథను 15 నిమిషాలకు తేవడమంటే అయిదింట మూడు వంతులకు పైగా తీసేయడం. అక్కడక్కడా వాక్యాలు కత్తిరిస్తే అయ్యే పని కాదు. మీరు అక్కాచెల్లెళ్ల చిన్నతనంతో మొదలుపెట్టారు. బొమ్మల గొడవ, చదువుల గొడవ, అక్క పెళ్లి, ఇవన్నీ అయ్యాక గానీ తండ్రి మంచం ఎక్కలేదు. అవి రాయడం వృథా కాదు. అక్క ఎలాంటి మనిషో మీకు తెలియడానికి ఆ పేజీలు పనికొచ్చాయి. చదివేవాళ్లకు మాత్రం అక్కర్లేదు. గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ రాసినప్పుడు, ఆ భర్త ఎవరు, ఏం చదివాడు, పెళ్లెప్పుడైంది అని మొదలుపెట్టలేదు. అతను రాత్రివేళ ఇంటికొచ్చి ‘తలుపు! తలుపు!’ అని పిలవడంతో మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకోలేదు. మనం నేరుగా కథలో ఉన్నాం. మీ కథకు ఎత్తుగడ అక్క వచ్చి ఆ మాట అన్న రోజు కావచ్చు, ఫోన్ మోగిన రోజు కావచ్చు. అక్క మాటతో మొదలుపెట్టి ఫోన్ దగ్గరికి వెనక్కి వెళితే, చెల్లెలి పక్షాన నిలబడినవాళ్లు మెల్లగా కదులుతారు. ఫోన్‌తో మొదలుపెట్టి అక్క మాట దాకా ముందుకు వెళితే, ఎప్పుడు బయటపడుతుందోనన్న ఆదుర్దా వెంట నడుస్తుంది. రెండూ పనిచేస్తాయి. నాకు రెండోది ఇష్టం. రెండింటికీ ఒక్కో పేజీ రాసి చూసుకోండి. చేయి దేనికి సులువుగా కదిలితే అది తీసుకోండి.

అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1842లో చిన్న కథల గురించి రాస్తూ, అవి ఒక్క కూర్చోవడంలో చదివేలా ఉండాలనీ, ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ప్రభావం కోసం పనిచేయాలనీ అన్నాడు. ఈ సూత్రాన్ని దాటి గొప్ప కథలు రాసినవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు. కానీ కోత పెట్టేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే కొలబద్ద నాకు దొరకలేదు. ప్రతి పేరా దగ్గరా ఆగి, ‘ఇది ఆ ఫోన్ బరువు పెంచుతోందా?’ అని అడగండి. అక్క పెళ్లి పెంచడం లేదు. మాత్రల డబ్బా పెంచుతుంది. డాక్టర్లతో జరిగిన మాటలు రెండున్నర పేజీలున్నాయి, ఒక వాక్యం చాలు.

సందేశం, కొసమెరుపు గురించి ఎక్కువ చెప్పను. మీ కథ చివరి పేరా ‘తల్లిదండ్రులు బతికుండగానే వారి విలువ తెలుసుకోవాలి’ అని మొదలవుతుంది. అది తీసేయండి. అప్పటిదాకా మీ కథ విన్నవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. కథ వినకపోతే అది చెప్పినా ఎక్కదు. కొసమెరుపు కొన్ని కథలకు ప్రాణం, ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం ఫోన్ సంగతిని చివరి వాక్యం దాకా దాచి ఠక్కున బయటపెడితే, చెల్లెల్ని పట్టించినట్టు ఉంటుంది. ఒక మనిషి మూడేళ్ల అలసటను తమాషా కోసం వాడుకోవడం నాకు ఇష్టం లేదు. మీకూ ఉండదనుకుంటాను.

ఇక అక్క గురించి. ఇది కథకంటే పెద్ద విషయం. మీ భర్తగారి మాటను కూడా ఇక్కడే కలిపి చూద్దాం. ఆయన అడ్డు చెబుతున్నారని మీకు కోపం వచ్చింది. బహుశా ఆయన భయం కథ గురించి కాదు. మీరు మళ్లీ గాయపడతారేమోనని. ఒకసారి కూర్చోబెట్టి, ‘మీకు దేనికి భయం?’ అని నేరుగా అడిగితే మంచిది. కథ చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ఇంతవరకూ ఆయనకు వినిపించారని మీరు ఎక్కడా రాయలేదు.

ఇప్పుడున్నట్టుగానే, పేర్లు మాత్రం మార్చి వచ్చే నెల చదివేస్తే ఏమవుతుంది? అక్క స్నేహితురాలు ఇట్టే గుర్తుపడతారు. తెలిసినవాళ్ల దగ్గర పేర్లు మార్చడం ఏమీ దాచదు, తెలియనివాళ్లకు మారిస్తే ఎంత మార్చకపోతే ఎంత. తర్వాత ఆ సంగతి అక్క చెవిన పడుతుంది. పడేటప్పుడు మీ వాక్యాలతో, మీ గొంతుతో పడదు. ‘నీ గురించి చదివింది’ అన్న మూడు ముక్కలుగా పడుతుంది. ఫోన్ సంగతి కూడా కలిపి చదివితే, తండ్రితో ఆఖరి మాటలు ఎలా పోయాయో అక్కకు మూడో మనిషి ద్వారా తెలుస్తుంది. ఈ ఒక్కటి మాత్రం జరగనివ్వకండి. మిగతావన్నీ మీ ఇష్టానికి వదిలేస్తున్నాను గానీ, ఈ విషయంలో గట్టిగా చెబుతున్నాను.

అక్కకు ముందే కథ పంపి, అనుమతి అడగడం ఇంకో దారి. నిజాయితీగా కనిపిస్తుంది. కానీ ఆలోచించండి. మాటల్లేని అక్కకు మొదటి పలకరింపుగా ఒక కథ వెళుతుంది. అందులో ఆమె తనను వెతుక్కుంటుంది. ఎవరైనా అదే చేస్తారు. ఎంత బాగా రాసినా ఆమెకు అది కథలా కనిపించదు. ఫోన్ సంగతి ఆమెకు చెప్పాలనిపిస్తే చెల్లెలుగా చెప్పండి, రచయిత్రిగా కాదు. చెబితే తేలికపడొచ్చు, ఉన్న కాస్త దారీ మూసుకుపోవచ్చు. అదెప్పుడు, ఎలా అన్నది కథల సమావేశం తేదీని బట్టి నిర్ణయించే విషయం కాదు. ఆ రెండింటినీ విడదీయండి. మీ ఉత్తరమంతా ఆ రెండూ ముడిపడి ఉన్నాయి. మీ టెన్షన్‌లో సగం అక్కడిదే.

మూడో దారి, వివరాలు కాకుండా మొత్తం పరిస్థితినే మార్చేయడం. అక్కాచెల్లెళ్లు వద్దు. ఇద్దరు అన్నదమ్ములు కావచ్చు. పాత సంగీతం మాస్టారిని చూసుకునే ఒక శిష్యురాలు, దూరాన ఉన్న ఆయన కొడుకు కావచ్చు. ఇంకెవరైనా కావచ్చు. మెలకువగా ఉన్న మనిషిని నిద్రపోతున్నాడని చెప్పిన ఆ ఒక్క క్షణాన్ని మాత్రం వదలకండి. మీరు పోగొట్టుకునేది ‘ఇది నిజంగా జరిగింది’ అన్న ధీమా. ఎవరైనా ‘ఇలా ఎక్కడైనా ఉంటుందా’ అంటే, ‘మా ఇంట్లోనే జరిగింది’ అని చెప్పుకోలేరు. కథే నమ్మించాలి. అదనంగా కొంత ఊహించాలి, అది మీకు కొత్త పని. లాభం ఏమిటంటే, ఇక మీరు న్యాయం కోసం రాయరు. మాస్టారి కొడుకు మీద మీకు పగ లేదు కాబట్టి అతని వైపు నుంచి కూడా ఆలోచించగలుగుతారు. అతను ఎందుకు రాలేకపోయాడు? ఫోన్ పెట్టేశాక ఏం చేశాడు? ఆ ప్రశ్నలు అక్క గురించి వేసుకోవడం మీకు ఇప్పుడు కష్టం. ఇంకో మనిషి గురించి వేసుకోవడం తేలిక. స్నేహితురాలికి అనుమానం రావచ్చు. వచ్చినా, అది అనుమానం దగ్గరే ఆగుతుంది.

నాలుగోది, ఈ కథను రాసి పూర్తిచేసి, ఎవరికీ చూపకుండా దాచుకోవడం. వచ్చే నెలకు వేరే చిన్న కథ రాసుకోవడం. మనసుకు ప్రశాంతంగా ఉంటుంది. ఒకే గది, ఇద్దరు మనుషులు, ఒక గంట సమయం, అంతకు మించకుండా అయిదు పేజీల కథ రాస్తే చేయి తిరుగుతుంది కూడా. ఇబ్బందల్లా, మనసు ఈ కథ మీద ఉన్నప్పుడు వేరేది రాస్తే పొడిపొడిగా వచ్చే ప్రమాదం ఉంది. అలా వస్తే ‘నాకు రాయడం రాదు’ అని మళ్లీ మొదటికి వెళ్లకండి. మనసు ఎక్కడుందో అది చెబుతోందంతే.

నన్ను ఒకటి ఎంచమంటే మూడోది ఎంచుతాను, మీ భద్రత కోసం మాత్రమే కాదు, కథ కోసం కూడా. మీ కథకు ఉన్న లోపం, అక్క విషయంలో మీకున్న భయం, రెండూ ఒకచోటే పుట్టాయని నాకు అనిపిస్తోంది. కథలో చెల్లెలు మచ్చలేని మనిషి. అందుకే అది వినేవాళ్లకు ఫిర్యాదులా వినిపించింది, అందుకే అక్క వింటే నేరారోపణలా వినిపిస్తుందని మీరు భయపడుతున్నారు. చెల్లెలి వాటా కూడా కథలోకి వస్తే ఆ రెండూ మారతాయి. కానీ నాకు మీ అక్క తెలియదు, మీ ఇల్లు తెలియదు. ‘ఇంకా పచ్చిగా ఉంది, ముట్టుకోలేను’ అనిపిస్తే నాలుగో దారి తీసుకోవడంలో పిరికితనమేమీ లేదు.

ఏది రాసినా, సమావేశానికి ముందు ఒంటరిగా కూర్చుని గట్టిగా చదవండి, గడియారం పెట్టుకుని. నాలుక తడబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. అక్కడ వాక్యం బాగోలేదని అర్థం. సంభాషణలు మరీ జాగ్రత్తగా వినండి. మీ కథలో అక్క ‘నీవు తండ్రిగారి పట్ల బాధ్యతగా వ్యవహరించలేదు’ అంటుంది. కోపంలో ఉన్న మనిషి అలా మాట్లాడదు. ఉత్తరంలో మీరు రాసిన ‘నాన్నని సరిగా చూసుకోలేదు’ అన్న మాటే కత్తిలా ఉంది. 15 నిమిషాలు ఇస్తే 12 నిమిషాల కథ తీసుకెళ్లండి. నలుగురి ముందు కంగారులో వేగం పెరుగుతుంది. వేగంగా చదివితే మాటల మధ్య ఉండాల్సిన మౌనం పోతుంది.

చదవబోయే ముందు కథ గురించి ఏమీ చెప్పకండి. ‘ఇది నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే క్షమించండి’ అనవద్దు, ‘ఇది నిజంగా జరిగింది’ అని అసలే అనవద్దు. ఆ మాట అన్నారంటే మళ్లీ పరామర్శలే వస్తాయి. చదివాక ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబు తప్ప మరొకటి రాదు. బదులుగా రెండే అడగండి. ఎక్కడ మనసు పక్కకు పోయింది? చదవడం అయ్యాక ఏ మనిషి గురించి ఆలోచిస్తున్నారు? మొదటిదానికి ముగ్గురు ఒకే చోటు చెబితే, అక్కడ ఏదో ఉంది, నమ్మండి. దాన్ని ఎలా బాగు చేయాలో కూడా వాళ్లు చెబుతారు. అది రాసుకుని, ఇంటికి తెచ్చుకుని, మీకు నచ్చితేనే వాడండి. ఎందుకంటే ప్రతివాళ్లూ తాము రాయబోయే కథనే మీకు సలహాగా ఇస్తారు. సందేశం అడిగినాయనకు సందేశాలున్న కథలు ఇష్టం. అందులో తప్పులేదు, కానీ ఆ కథ ఆయనది.

వాళ్లు మాట్లాడుతున్నంతసేపు సంజాయిషీ చెప్పకండి. ‘అది కాదండీ, నా ఉద్దేశం’ అని నోటిదాకా వస్తుంది. రానివ్వకండి, కాగితం మీద రాసుకోండి. పెద్దాయన మళ్లీ ‘ఇది కథ కాదు’ అంటే మాత్రం ఊరుకోవద్దు. ‘ఏ చోట కథ కాకుండా పోయిందండీ?’ అని మర్యాదగా, తప్పకుండా అడగండి. ఆయన దగ్గర మీకు పనికొచ్చేది ఉందనే అనుకుంటున్నాను. పోయినసారి అది ఎవరూ అడగలేదు.

కొత్త ప్రతి తయారైతే నాకు పంపండి. చదువుతాను.